గుండె దడ: దుఆతోపాటు దవా

గుంటూరు, ప్రకాశం మైదానాలలోని ముస్లిం ఇళ్ళలో గుండె దడకు ఒక్క పేరు లేదు. తెలుగులో ‘దడగా ఉంది’ అంటాము, ‘గాభరాగా ఉంది’ అంటాము, ‘గుండె ఝల్లుమంది’ అంటాము. ఉర్దూ మాట్లాడే పెద్దవాళ్ళు ‘దిల్ ఘబ్‌రా రహా’ అంటారు. యునానీ హకీములు దీనికి పెట్టిన పేరు ‘ఖఫఖాన్’. పక్షి రెక్కలు కొట్టుకోవడం, గాలికి జెండా రెపరెపలాడడం ఆ అరబీ ధాతువులోని అర్థాలు. మాటలు అందమైనవే. చిక్కేమిటంటే, పరీక్షా ఫలితాల కోసం ఎదురుచూసే పిల్లవాడి గుబులుకూ, అప్పులవాడు వాకిట్లో కనబడగానే రైతుకు కలిగే కలవరానికీ, గుండె అనే అవయవం నిజంగానే లయ తప్పడానికీ మనం ఇవే మాటలు వాడుతున్నాము. మనసు బాగాలేని మనిషీ, గుండె బాగాలేని మనిషీ ఒకే వరుసలో నిలబడుతున్నారు. ఇద్దరి మెడలోనూ ఒకే తావీజు పడుతోంది.

మదర్సాలో పాఠాలు చెప్పేవారి దగ్గరకు అసర్ నమాజు తర్వాత ‘దమ్’ చేయించుకోవడానికి మనుషులు వస్తుంటారు. దడ గురించి చెప్పేవారు వారిలో తక్కువేమీ కాదు. ‘నజర్ తగిలింది మౌల్వీ సాబ్’ అని ఒకరు, ‘ఏదో అసర్ ఉన్నట్టుంది’ అని ఇంకొకరు. దుఆ చేయడానికి ఎవరూ వెనుకాడనక్కరలేదు. కాని వచ్చినవారిని అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. దడ హఠాత్తుగా మొదలైందా, మెల్లగా పెరిగిందా? ఎంతసేపు ఉంది? ఆ సమయంలో నాడి ఎలా కొట్టుకుంది? కళ్ళు చీకట్లు కమ్మాయా? ఈ ప్రశ్నలు అడగకుండా కట్టిన తావీజు రోగికి ఊరట ఇవ్వవచ్చు. ఆ ఊరటే అతడిని వైద్యుడి దగ్గరకు వెళ్ళకుండా ఆపితే అది మేలు కాదు.

ఈ విషయంలో మనకు దారి చూపే సంఘటన ఒకటి సునన్ అబూ దావూద్‌లోని వైద్య ప్రకరణంలో ఉంది. హజ్రత్ సఅద్ (రజి) జబ్బుపడ్డారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) పరామర్శకు వచ్చి ఆయన రొమ్ము మధ్య చెయ్యి ఉంచారు. ఆ చేతి చల్లదనం తన గుండెకు తగిలిందని సఅద్ (రజి) చెప్పుకున్నారు. ఇది గుండెకు సంబంధించిన వ్యాధి అని ప్రవక్త (స) చెప్పి, సఖీఫ్ తెగకు చెందిన హారిస్ బిన్ కలదా వద్దకు వెళ్ళమన్నారు. అతడు వైద్యం తెలిసిన మనిషి అన్న కారణాన్ని కూడా చెప్పారు. మదీనా అజ్వా ఖర్జూరాలు ఏడింటిని గింజలతో సహా నూరి ఇవ్వాలన్న మాట కూడా అందులోనే ఉంది. మన ఉపన్యాసాలలో ఖర్జూరాల భాగం తరచుగా వినబడుతుంది. వైద్యుడి దగ్గరకు పంపిన భాగం అంతగా వినబడదు.

ఈ ఉల్లేఖన పరంపర మీద హదీసు పండితులు చర్చ చేశారు, నిజమే. అయితే చికిత్స చేయించుకోండి, వృద్ధాప్యానికి తప్ప ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందు ఉంచాడు అనే భావం గల హజ్రత్ ఉసామా బిన్ షరీక్ (రజి) ఉల్లేఖనం తిర్మిజీలో ఉంది. దానిని పండితులు ప్రామాణికంగా స్వీకరించారు. ఇక హారిస్ బిన్ కలదా ఇస్లాం స్వీకరించాడా లేదా అన్న విషయంలో చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. అందువల్లనే, నిపుణుడైతే వైద్యుడు ఏ మతం వాడన్నది చూడనక్కరలేదని కొందరు విద్వాంసులు ఈ సంఘటన నుండి గ్రహించారు. మనవాడు కాదు గనుక ఆ డాక్టరు దగ్గరకు పోము అనేవారు ఇప్పటికీ అక్కడక్కడా ఉన్నారు కాబట్టి ఈ మాట చెప్పవలసి వచ్చింది.

దడ ఒక వ్యాధి పేరు కాదు, ఒక సూచన. మామూలుగా మన గుండె కొట్టుకోవడం మనకు తెలియదు. అది తెలియడం మొదలైతే దానినే దడ అంటాము. అందులో చాలా భాగం ప్రమాదం లేనిదే. మెట్లెక్కినా, జ్వరం వచ్చినా, కోపం వచ్చినా గుండె వేగం పెంచుకుంటుంది. అది దాని పని. మధ్యలో ఒక దెబ్బ తప్పినట్టయి, వెంటనే ‘ధబ్’మని గట్టిగా ఒక దెబ్బ కొట్టడం చాలామందికి అనుభవమే. నిజానికి అక్కడ దెబ్బ తప్పలేదు. ఒక దెబ్బ ముందుగా వచ్చింది, దాని తర్వాత చిన్న విరామం వచ్చింది. ఆరోగ్యవంతుల గుండెలో కూడా ఇలా జరుగుతుంది. నిద్ర చాలకపోయినా, రోజుకు ఏడెనిమిది చాయ్‌లు తాగినా, గుట్కా, ఖైనీ, సిగరెట్ అలవాటున్నా ఇది పెరుగుతుంది.

మనసు గుండెను ఎంతగా కదిలిస్తుందో మన పూర్వ వైద్యులకు బాగా తెలుసు. ఇబ్నె సీనా (980–1037) గుండెకు పనికివచ్చే ఔషధాల మీద ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశాడు. నిజామీ అరూజీ తన ‘చహార్ మఖాలా’లో ఆయన గురించి ఒక కథ చెప్పాడు. గుర్గాన్‌లో మంచం పట్టిన ఒక యువకుడి జబ్బు ఏమిటో ఎవరికీ అంతుపట్టలేదు. ఇబ్నె సీనా అతడి మణికట్టు మీద వేలు పెట్టి, ఊరు తెలిసిన మనిషి చేత పేటల పేర్లు, వీధుల పేర్లు, ఇళ్ళ పేర్లు చెప్పిస్తూ పోయాడు. ఒక పేరు దగ్గర నాడి గంతు వేసింది. జబ్బు ప్రేమ అని తేలింది. ఈ కథను మన పెద్దలు వినోదం కోసం చెప్పుకుంటారు. నాకు మాత్రం అందులో వేరొక సంగతి ముఖ్యంగా తోస్తుంది. జబ్బు మనసుదే అయినప్పటికీ ఆ వైద్యుడు ఊహించి చెప్పలేదు, నాడి మీద వేలు పెట్టి చెప్పాడు.

ఆ వేలు మనమూ పెట్టవచ్చు. మణికట్టు లోపలి వైపు, బొటనవేలి మొదలు కింద, చూపుడు వేలూ మధ్య వేలూ ఆనించాలి. బొటనవేలితో చూడకూడదు, దానికి సొంత నాడి ఉంది. గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. కూర్చుని విశ్రాంతిగా ఉన్న పెద్దవారిలో నిమిషానికి 60 నుండి 100 వరకు మామూలు. పొలంలో కష్టం చేసేవారికి 60 కంటే కొంచెం తక్కువ ఉన్నా అది జబ్బు కాకపోవచ్చు. అంకెతోపాటు వరుస కూడా చూడాలి. గడియారం ముల్లులా సమంగా కొట్టుకుంటోందా? నడుమ నడుమ ఒకటి తప్పుతోందా? లేక అసలు ఏ క్రమమూ లేకుండా, కుండపోతలో రేకుల మీద చినుకుల్లా కొట్టుకుంటోందా? ఈ మూడవ రకం మనం తేలికగా తీసుకోరానిది. గుండె పై గదులు ఒక లయ లేకుండా వణుకుతుంటే అక్కడ రక్తం గడ్డకట్టవచ్చు, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. మనిషికి పెద్ద బాధేమీ తెలియకపోయినా ఈ ప్రమాదం ఉంటుంది. రక్తం పలచబడే మందుతో దానిని చాలావరకు నివారించవచ్చు.

మన నేలలో దడ

ఏ డాక్టరు పుస్తకంలోనైనా దడకు కారణాల పట్టిక దొరుకుతుంది. మన మైదానాలలో ఆ కారణాలు ఏ రూపంలో వస్తాయో కాస్త నిలిచి చూడాలి.

పత్తి చేను ముందుగా చెప్పుకోవాలి. ఖరీఫ్‌లో పూత, కాయ దశలో పురుగుమందు కొట్టే రోజులలో స్ప్రేయర్ వీపున వేసుకుని, ముఖానికి ఒక తువ్వాలు చుట్టుకుని, గాలికి ఎదురుగా నడిచే మనిషి మనకు కొత్త కాదు. మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్ వంటి మందులు ఊపిరితోనే కాక చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతాయి. చెమట పట్టిన చర్మం వాటికి తెరిచిన తలుపు. నోట చొంగ, విపరీతమైన చెమట, వాంతులు, చూపు మసకబారడం, కంటిపాప సూదిమొనలా కుంచించుకుపోవడం, కండరాలు అదరడం వీటి విషం లక్షణాలు. గుండె కొందరిలో నెమ్మదిస్తుంది, కొందరిలో పరుగెడుతుంది, లయ తప్పడం కొన్ని గంటల తర్వాత కూడా మొదలు కావచ్చు. కాబట్టి మందు కొట్టి వచ్చిన రోజున దడగా ఉందంటే మజ్జిగ తాగించి పడుకోబెట్టడం సరిపోదు. తడిసిన బట్టలు విప్పించి, సబ్బుతో ఒళ్ళు కడిగి, మందు డబ్బాను గాని దాని చీటీని గాని చేతబట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఏ మందో తెలిస్తే విరుగుడు వెంటనే మొదలుపెట్టగలరు. ఇది అతిశయోక్తి అనుకునేవారు 2017లో మహారాష్ట్రలోని యవత్‌మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా మరణించిన సంగతి గుర్తుచేసుకోవాలి.

ఇక మిరప. జనవరి నుండి ఏప్రిల్ దాకా కోతలు, కళ్ళాలలో ఆరబోత, గుంటూరు యార్డుకు బస్తాలు, కోల్డు స్టోరేజీల చుట్టుపక్కల షెడ్లలో తొడిమలు తీసే పని. కోతకు, తొడిమలకు వెళ్ళేది ఎక్కువగా ఆడవారే. పొద్దు పొడవకముందే ఆటో ఎక్కి పోతారు. చేలో మరుగు ఉండదు గనుక దాహమైనా నీళ్ళు తాగరు. ఈ ఒక్క విషయం మగవారికి తట్టదు, స్త్రీలు పైకి చెప్పరు. ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గితే గుండె ఉన్న కొద్దిపాటి రక్తాన్నే వేగంగా తిప్పవలసి వస్తుంది. లేచి నిలబడగానే దడ, కళ్ళు బైర్లు కమ్మడం అందుకే. దీనికి తోడు రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనులే. రక్తం పలచబడినవారికి నాలుగు బిందెల నీళ్ళు మోసినా గుండె దడదడలాడుతుంది. దీనిని ‘బలహీనత’ అని పేరుపెట్టి ఏళ్ళ తరబడి వదిలేస్తున్నాము. హిమోగ్లోబిన్ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే చేస్తారు, ఐరన్ మాత్రలు అక్కడే ఇస్తారు.

మిరప ఘాటుకు దగ్గు, ఆయాసం పట్టినవారి దడకు మరో కారణం ఉండవచ్చు. ఆయాసం తగ్గడానికి ఊళ్ళో ఆర్ఎంపీ చేసే డెరిఫిలిన్ ఇంజెక్షను, సాల్బుటమాల్ మాత్రలు గుండె వేగాన్ని పెంచుతాయి. అవి చెడ్డ మందులని కాదు. ఏ మందు వాడుతున్నారో తెలియకుండా దడకు వైద్యం చేస్తే మందు మీద మందు పడుతుంది. థైరాయిడ్ మాత్ర మోతాదు ఎక్కువైనా అంతే. ప్రకాశం వైపు పొగాకు పనికి వెళ్ళేవారికి తడి ఆకు నుండి నికోటిన్ చర్మం గుండా ఎక్కి వికారం, తలతిప్పుతో పాటు గుండె వేగంలో తేడాలు వస్తాయి. బీడీ ముట్టనివాడికి కూడా ఇది జరుగుతుంది.

చిన్నప్పుడు గొంతునొప్పి, ఆ తర్వాత మోకాళ్ళు, మోచేతులు వాచి జ్వరం వచ్చి తగ్గిన పిల్లల సంగతి తల్లులు మరచిపోతారు. ఆ జ్వరం గుండె కవాటాలను కరిచిపోతుంది. ఇరవై, ముప్పై ఏళ్ళ వయసులో, తరచుగా తొలి కాన్పు సమయంలో, దడగానూ ఆయాసంగానూ అది బయటపడుతుంది. ఇరుకు ఇళ్ళలో, పేదల ఇళ్ళలో ఈ జబ్బు ఎక్కువ. కొత్త కోడలికి గర్భంలో దడ వస్తే ‘అందరికీ ఉండేదే’ అనే అత్తగారి మాట చాలాసార్లు నిజమే అవుతుంది; పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవలసి వస్తే మాత్రం ఆ మాట మీద ఆధారపడకూడదు.

ఏది ఆగుతుంది, ఏది ఆగదు

మన ప్రాంతంలో రొమ్ములో ఏ బాధ వచ్చినా ముందు పెట్టే పేరు గ్యాసు. ఒక సోడా తాగి, ఒక త్రేన్పు వస్తే చాలు, జబ్బు పోయిందనుకుంటారు. దడతో పాటు రొమ్ములో నొప్పి గాని బరువు గాని ఉన్నా, ఊపిరి అందకపోయినా, చల్లని చెమట పట్టినా, స్పృహ తప్పినా, మాట తడబడినా, ఒక వైపు చెయ్యి కాలు పట్టు తప్పినా సోడా కోసం వెతకకండి. 108కి ఫోను చేయండి. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన ఈ వాహనం ఉచితం. విశ్రాంతిగా కూర్చున్నా నాడి 120కి పైగానే ఉండి తగ్గకపోయినా, 40కి దిగువకు పడిపోయి నీరసంగా ఉన్నా అదే దారి. రోగిని మోటారు సైకిలు మీద నడుమ కూర్చోబెట్టుకుని పోవడం మనకు అలవాటు. దారిలో స్పృహ తప్పితే పట్టేవారు ఉండరు.

స్పృహ తప్పడం గురించి ఇంకొక మాట. పరుగెడుతూనో, బరువు ఎత్తుతూనో, ఆటలోనో పడిపోయిన పిల్లవాడిని ‘ఎండదెబ్బ’ అని సరిపెట్టకూడదు. కుటుంబంలో ఎవరైనా నలభై ఏళ్ళలోపే హఠాత్తుగా చనిపోయి ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. కొన్ని లయ దోషాలు వంశంలో నడుస్తాయి. మన ఇళ్ళలో ‘అల్లాహ్ పిలుపు వచ్చింది’ అని ఊరుకుంటాము. పిలుపు ఆయనదే, సందేహం లేదు. మిగిలిన అన్నదమ్ములకు పరీక్ష చేయించడం ఆ విశ్వాసానికి అడ్డు కాదు.

అంత తొందర లేనివి కూడా ఉన్నాయి. బల్బు స్విచ్ వేసినట్టు దడ హఠాత్తుగా మొదలై, నాడి 150 దాటి, పది నిమిషాలకో గంటకో స్విచ్ తీసినట్టు ఆగిపోయే రకం ఒకటి. ఇది గుండెలోని విద్యుత్ మార్గంలో ఒక అడ్డదారి వల్ల వస్తుంది. సాధారణంగా ప్రాణాంతకం కాదు. చాలామందిలో ఆ అడ్డదారిని తొడ నరం గుండా పంపిన సన్నని తీగతో మూసివేసి పూర్తిగా నయం చేయగలరు. ఇది తెలియక ఏళ్ళ తరబడి దర్గాలు తిరిగేవారు ఉన్నారు. దడ వారంలో పలుమార్లు వస్తున్నా, రోజురోజుకు పెరుగుతున్నా, బీపీ, షుగరు, పాత గుండె జబ్బు ఉన్నా నాలుగైదు రోజులలో వైద్యుడిని కలవాలి. అప్పుడప్పుడు ఒక్క దెబ్బ తప్పినట్టుండి వేరే బాధ ఏమీ లేకపోతే చాయ్, పొగాకు తగ్గించి, నిద్ర సరిచేసుకుని చూడవచ్చు.

ఈసీజీ అనగానే మన స్త్రీలు వెనక్కు తగ్గుతారు. చేతులకు కాళ్ళకు నాలుగు, రొమ్ము మీద ఆరు చోట్ల పట్టీలు అంటించాలి. అందుకు రవిక తీయవలసి వస్తుంది. మగ టెక్నీషియన్ ఉన్నాడని తెలిసి తిరిగి వచ్చేసినవారు ఉన్నారు. షరీఅత్ ఈ విషయంలో కఠినంగా లేదు. స్త్రీ సిబ్బంది ఉంటే వారినే కోరాలి. తెర వేయమనడం, పైన దుప్పటి కప్పమనడం, తోడు వచ్చిన స్త్రీని పక్కన నిలబెట్టుకోవడం రోగి హక్కు. స్త్రీ సిబ్బంది ఎవరూ దొరకకపోతే, అవసరమైనంత మేరకు పురుషుడి చేత చేయించుకోవడాన్ని మన ఫిఖ్హ్ గ్రంథాలు అనుమతించాయి. పరీక్ష పట్టేది కొద్ది నిమిషాలే. సిగ్గు ఈమాన్‌లో భాగమని చెప్పే మనమే, ప్రాణాన్ని చేజేతులా అపాయంలో పడవేయవద్దన్న ఖుర్ఆన్ ఆజ్ఞను (బఖరా సూరా, 195వ ఆయతు) కూడా ఇంటి స్త్రీలకు గుర్తుచేయాలి. ముఖ్యంగా భర్తలు గుర్తుచేయాలి.

ఈ మధ్య రమజాను మాసం ఫిబ్రవరి, మార్చి నెలలలో వస్తోంది. మిరప కోతలు ముమ్మరంగా ఉండే రోజులు అవే. గుండె జబ్బుకు మందులు వాడేవారు ఉపవాసాలు మొదలు కావడానికి కనీసం రెండు మూడు వారాల ముందే డాక్టరును అడిగి, సహరీకి ఏది, ఇఫ్తార్‌కు ఏది అని రాయించుకోవాలి. గుండె వేగాన్ని అదుపుచేసే మాత్రలను సొంతంగా ఒక్కసారిగా ఆపితే దడ మునుపటికంటే ఎక్కువగా తిరగబడుతుంది. ఉపవాసం వద్దని డాక్టరు చెబితే, రోగికి ఆ సడలింపు ఇచ్చింది అదే సూరాలోని 184, 185 ఆయతులు. ఉపవాసంలో ఉండగా పైన చెప్పిన ప్రమాద లక్షణాలు కనిపిస్తే అక్కడికక్కడే విరమించాలి. మగ్‌రిబ్ దాకా చూద్దామనడం సరికాదు. తరావీహ్‌లో నిలబడలేకపోతే కూర్చుని చదవవచ్చు.

ఎక్కడికి పోవాలన్నది తర్వాతి ప్రశ్న. 1946లో ఏర్పడిన గుంటూరు వైద్య కళాశాలకు అనుబంధమైన పెద్దాసుపత్రిలో 2016లో డాక్టర్ ఆళ్ళ గోపాలకృష్ణ గోఖలే బృందం గుండె మార్పిడి శస్త్రచికిత్స చేసింది. ఒకరి గుండె తీసి మరొకరికి అమర్చే పని జరిగిన ఊళ్ళో దడకు ఈసీజీ తీయించుకోలేకపోవడం విచిత్రమే. ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్ కూడా మనకు దగ్గరే. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా పిలుస్తున్న పథకం కింద గుండె చికిత్సలు ఎన్నో ఉన్నాయి. కార్డు వెంట తీసుకుపోవాలి.

దడ లేని సమయంలో తీసిన ఈసీజీ చాలాసార్లు సవ్యంగానే వస్తుంది. దానిని చూసి ‘ఏమీ లేదన్నారు’ అని ఊరుకోవద్దు. దడ ఉన్నప్పుడే దగ్గరి కేంద్రానికి వెళ్ళి తీయించుకోవడం మేలు. అలా కుదరకపోతే ఒంటికి తగిలించి ఇరవై నాలుగు గంటలు గుండె లయను నమోదు చేసే హోల్టర్ అనే పరికరం ఉంది, దాని గురించి అడగండి. ఇంట్లో చదువుకున్న పిల్లల చేత ఒక కాగితం మీద రాయించండి: దడ వచ్చిన తేదీ, వేళ, ఎన్ని నిమిషాలు, నాడి ఎంత, అప్పుడు ఏం చేస్తున్నారు, ఏ మందులు వాడుతున్నారు. మాత్రల పేర్లు గుర్తుండవు, అట్టలే సంచిలో వేసుకుపోవడం సులువు. ఈసీజీ కాగితాన్ని మడిచి బీరువాలో పెట్టి నిశ్చింతగా ఉండకండి. అది వేడికి అచ్చయ్యే కాగితం, మన ఎండలకు కొన్ని నెలలలోనే గీతలు వెలిసిపోతాయి. తీసిన రోజే జిరాక్సు చేయించి గాని, ఫోనులో ఫోటో తీసి గాని ఉంచుకోవాలి.